అంబారీ ఎక్కిన కారు, మేనాలో దూరిన కారు

మా ఆదివారం అనుబంధం చూసే మిత్రుడికి తేదీల పిచ్చి. ఎవరి శతజయంతి ఎప్పుడో, ఏ వంతెనకు ఎన్నేళ్ళు నిండాయో డైరీలో రాసి పెట్టుకుంటాడు. మొన్న మంగళవారం రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మార్చి 15 ఆదివారమే పడింది. రోల్స్ రాయిస్ కంపెనీ రిజిస్టరై ఆ రోజుకి సరిగ్గా 120 ఏళ్ళు. నిజాం గారి పసుపు కారు మన ఊళ్ళోనే ఉందాయె. దాన్నీ ఇప్పటి కారునీ పక్కపక్కన నిలబెట్టి రెండు పేజీలు రాసెయ్. గురువారం మధ్యాహ్నానికి కావాలి" అన్నాడు. పక్కన నిలబెట్టడానికి నా దగ్గరున్నది పన్నెండేళ్ళ నాటి చిన్న కారు. దాని ఎడమవైపు అద్దం మా ఇంటి గేటుకు తగిలి, పోయిన దసరా నుంచీ టేపు మీద బతుకుతోంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

బుధవారం పొద్దున చౌమహల్లా ప్యాలెస్ గేటు తీసే వేళకే వెళ్ళాను. అయినా నాకంటే ముందే ఓ పదిహేనుమంది ఆ బండి ముందు ఫోన్లు పైకెత్తి నిలబడి ఉన్నారు. పసుపంటే మామూలు పసుపు కాదది, ఉగాదికి గడపకు పూసిన పచ్చి పసుపు. పైన గుమ్మటంలా ఉబ్బిన టాపు. చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు. లోపల వెనక సీటు ఎత్తుగా, గద్దెలా ఉంది. అందుకే దీన్ని థ్రోన్ కార్ అంటారు. సింహాసనం కారన్నమాట.

నా పక్కన ఓ తాత, ఆరేడేళ్ళ మనవడు. పిల్లవాడు తాడు కింద నుంచి తల దూర్చి చూస్తున్నాడు.

"తాతా, దీంట్ల ఏసీ ఉంటదా?"

"అన్ని అద్దాలున్నయ్ గదరా. తెరిస్తె అదే ఏసీ."

తాత కాసేపు బండిని కిందినుంచి పైదాకా చూశాడు. చేత్తో ఎత్తు కొలిచాడు. "ఇది కారు లెక్క లేదురా. అంబారి లెక్కున్నది. ఏనుగొక్కటే తక్కువ" అన్నాడు.

రెండు పేజీల్లో నేను చెప్పాల్సిన మాట ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇక నింపడమే నా పని.

మన దగ్గర పెద్దమనుషుల బండి కథ చక్రం దగ్గర కాకుండా భుజం దగ్గర మొదలైంది. రాజు ఏనుగెక్కాడు, సామంతుడు గుర్రమెక్కాడు, దేవుడు పల్లకీ ఎక్కాడు, మిగతా జనం నడిచారు. శాసనాలు దానమిచ్చిన ఆవుల్ని, తవ్వించిన చెరువుల్ని లెక్కపెట్టాయి గానీ రాజుగారి పల్లకీకి ఎన్ని కుచ్చులున్నాయో రాయలేదు. కాబట్టి ఓ అయిదారు వందల ఏళ్ళు ఒక్క అంగలో దాటేద్దాం. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, డబ్బు మనిషి కనుక, ఈ విషయంలో మనకు అక్కరకొచ్చే లెక్కొకటి రాసి పెట్టాడు. పల్లకీ మోసే మనిషికి తిండితో సహా నెలకు నాలుగైదు రూపాయలు. అప్పట్లో పెట్రోలు ధర అదీ.

ఈ సవారీల్లో రెండు జాతులున్నాయి. ఈ తేడా పట్టుకుంటే తర్వాతి కథంతా అర్థమవుతుంది. ఒకటి చూపించే సవారీ. అంబారీ, దేవుడి వాహనాలు, తెర లేని పల్లకీ ఈ కోవలోవి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామి పూటకో వాహనం మీద మాడవీధుల్లో తిరిగేది ఎక్కడికో చేరడానికి కాదు కదా, అందరికీ కనబడడానికి. బయల్దేరిన చోటికే మళ్ళీ వస్తాడు. రెండోది దాచే సవారీ. మేనా, తెరలు దించిన సవారీ కచ్చరం లాంటివి. దొరసాని వెళుతోందని ఊరందరికీ తెలియాలి, దొరసాని మాత్రం ఎవరికీ కనబడకూడదు. బోయీల కేక వినబడుతుంది, తెర కుచ్చు ఊగుతుంది, అంతే. గొప్పతనం చూపడంలోనూ ఉంది, దాచడంలోనూ ఉంది. ఏ కాలం దేన్ని ఎంచుకుందన్నదే తేడా.

1874లో హైదరాబాద్‌కు రైలొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మోటారొచ్చింది. ఇక ఇంగ్లండు వెళ్ళక తప్పదు. త్వరగా వెళ్ళొద్దాం.

1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరు కలిశారు. ఒకాయన హెన్రీ రాయిస్, పేదింట్లో పుట్టి చిన్నప్పుడు పేపర్లమ్మిన మనిషి, చేతిలో పనుంటే అన్నం మరిచిపోయే రకం. రెండో ఆయన చార్లెస్ రోల్స్, లార్డు గారి అబ్బాయి, బెలూన్లూ విమానాలూ అంటే ప్రాణం, కార్లు అమ్మడం ఆయన వ్యాపారం. తయారుచేసే చెయ్యి ఒకటి, అమ్మే నోరు ఒకటి. 1906 మార్చి 15న కంపెనీ రిజిస్టరైంది. అదే ఏడాది ఆరు సిలిండర్ల 40/50 హార్స్‌పవర్ బండి బయటికొచ్చింది. 1907లో వాటిలో ఒకదానికి వెండిరంగు వేసి 'సిల్వర్ గోస్ట్' అని పేరుపెట్టారు. వెండి దయ్యం అనుకోండి. దయ్యంలాగే చప్పుడు చెయ్యదని. ఆ పేరు తర్వాత ఆ మోడల్ మొత్తానికి అంటుకుపోయింది.

ఆ వెండిబండినే లండన్, గ్లాస్గోల మధ్య ఆదివారాలు తప్ప రాత్రింబవళ్ళు తిప్పారు. మొత్తం 15,000 మైళ్ళు. 629వ మైలు దగ్గర ఒక్కసారి ఆగిందట, అదీ కుదుపులకు పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకుపోయి. నిమిషంలో తెరిచి బయల్దేరారు. ఆ తర్వాత 14,371 మైళ్ళు ఆగనే లేదు. చివర్లో బండిని ముక్కముక్కా విప్పి, అరిగిన భాగాలన్నీ మళ్ళీ కొత్తవాటిలా చెయ్యడానికి ఎంతవుతుందని లెక్కేస్తే 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు తేలింది. ఆనాటి మన లెక్కన 32 రూపాయలు. పోయినసారి సర్వీసింగుకిచ్చినప్పుడు మా చిన్న కారు వైపరు బ్లేడ్లకు అంతకు ఎన్ని రెట్లయిందో ఇక్కడ రాయను.

1908లో ఫ్రాంక్ నార్బరీ అనే ఆయన ఒక సిల్వర్ గోస్ట్‌ను బొంబాయిలో దించి, 'పర్ల్ ఆఫ్ ది ఈస్ట్' అని పేరుపెట్టి, బొంబాయి–కొల్హాపూర్ పందెంలో కనుమలెక్కించి దించాడు. దాన్ని గ్వాలియర్ మహారాజు కొన్నాడు. భోజనాల బల్ల మీద చిన్న వెండి రైలు తిప్పి అతిథులకు చుట్టలు, సారాయి పంపిన రాజు ఆయన. అలాంటాయన కొన్నాక మిగతా రాజులు ఊరుకుంటారా?

ఇప్పుడు నాకిష్టమైన చోటికొచ్చాం. ఇక్కడ కాస్త కూర్చుందాం.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మూడేళ్ళు నిండకుండానే 1869లో గద్దెనెక్కాడు. వేటలో పులులు, ఒంటి మీద పట్టుబట్టలు, మాటలో మెత్తదనం. పాము కరిస్తే ఆయన పేరు తలిస్తే చాలు విషం దిగుతుందని జనం నమ్మేవారట. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు దిక్కులేని జనానికి తన మహళ్ళ తలుపులు తీయించాడు. ఆ తరం హైదరాబాదీలు ఆయన్ని నిజాం అనేవారు కాదు, మహబూబ్ పాషా అనేవారు, ఇంటి మనిషిని పిలిచినట్టు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ చూడొచ్చు. బీరువా అనడం మన అలవాటు గానీ అది 170 అడుగులకు పైగా పొడవున్న, రెండంతస్తుల చెక్క వీధి. పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో లాగే లిఫ్టుంది. తొడిగిన జత మళ్ళీ తొడిగేవాడు కాదని చెబుతారు. ఒక్కసారి కనబడ్డ బట్ట పాతదైపోయినట్టే లెక్క.

అలాంటి మనిషి కారు కొంటే ఎలాంటిది కొంటాడు? అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్ళు ఛాసీ, ఇంజనూ మాత్రమే అమ్మేవాళ్ళు. ఒంటికి తగ్గ చొక్కా దర్జీ దగ్గర కుట్టించుకున్నట్టు, బాడీ కట్టించుకోవడానికి వేరే దుకాణానికి వెళ్ళాలి. మహబూబ్ పాషా బండికి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ వాళ్ళు. 1710 నుంచీ గుర్రపు బగ్గీలు కట్టిన పాత ఇల్లది. దొరల కొలతలు, దొరసానుల అలకలు తరతరాలుగా ఎరిగినవాళ్ళు. హైదరాబాద్ నుంచి వచ్చిన కోరిక విని తలగోక్కొని ఉంటారు. సీటు ఎత్తుగా కావాలి. టాపు గుమ్మటంలా ఉండాలి. అద్దాలు పెద్దవి కావాలి. రంగు పసుపు. బగ్గీల చేత్తో వాళ్ళు కట్టింది చక్రాల అంబారీ.

పసుపెందుకో తెలియాలంటే ఇంకా వెనక్కి, రొట్టెల దగ్గరికి వెళ్ళాలి. అసఫ్‌జాహీల మూలపురుషుడు దక్కనుకు వచ్చే ముందు ఒక సూఫీ గురువు దర్శనానికి వెళ్ళాడట. గురువు పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెట్టాడు. ఆకలి మీదున్న మనిషి ఏడు తిని చాలన్నాడు. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడు. కథ నిజమో కాదో గానీ అసఫ్‌జాహీ జెండా పసుపు, దాని మీద గుండ్రటి కుల్చా మాత్రం నిజం. ఏడుగురే నిజాములన్నది కూడా నిజం. ఆ రోజు ఇంకో రొట్టె తినుంటే బాగుండేదని పాతబస్తీలో ఇప్పటికీ నిట్టూర్చేవాళ్ళున్నారు. కాబట్టి చౌమహల్లాలో ఉన్న రంగు కారు రంగు కాదు, జెండా రంగు, ఇంకా వెనక్కి వెళితే రొట్టెలు కట్టిన గుడ్డ రంగు.

ఖర్చు సంగతి. సిల్వర్ గోస్ట్ ఛాసీ ఒక్కటే సుమారు 985 పౌండ్లు. అప్పుడు పౌండంటే కాగితం కాదు, సవరను, అంటే మన ఆడవాళ్ళ లెక్కలో కాసు. 985 కాసుల బంగారం, బాడీ లేకుండానే. ఇవాళ్టి రేటున ఎంతో మీరే కట్టుకోండి. నేను మా ఇంట్లో పైకి కట్టి తప్పు చేశాను.

బండి తయారవుతోంది. ఇంతలో 1911 ఆగస్టు 29న మహబూబ్ పాషా ఫలక్‌నుమాలో కన్నుమూశాడు. 45 ఏళ్ళు. కంపెనీ పేరులో ముందుండే చార్లెస్ రోల్స్ అంతకు ఏడాది ముందే, 1910 జూలైలో, బోర్న్‌మత్ దగ్గర విమానం కూలి పోయాడు. అమ్మిన కంపెనీకి పేరిచ్చినవాడు లేడు, కొన్నవాడు లేడు, బండి మాత్రం హైదరాబాద్‌కు చేరింది. ఆరో కుల్చా వాడు ఆర్డరిస్తే ఏడో కుల్చా వాడి ఇంటి ముందు దిగింది.

ఆ ఏడో ఆయన ఎవరు? మీర్ ఉస్మాన్ అలీఖాన్. తొడిగిన బట్ట మళ్ళీ తొడగని తండ్రికి, మాసికలేసిన షేర్వానీ వదలని కొడుకు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. ఇంట్లో మాత్రం 184 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకునేవాడని కథ. అది కూడా తండ్రి బూటులో దొరికిందట. సొంత పనులకు డొక్కు కారులో తిరిగేవాడని, ఎవరి దగ్గరైనా కొత్త కారు కనబడితే బాగుందనేవాడని, అన్న మర్నాడే అది నజరానాగా కింగ్‌కోఠీకి చేరి మూలన పడేదని పాతకాలం వాళ్ళు నవ్వుతూ చెప్పుకునేవారు. కారు మీద మోజు లేని మనిషి దగ్గర కార్లు పేరుకుపోవడం చిత్రమే. కూడబెట్టే చేతికి కారయినా కాగితమయినా ఒకటే కాబోలు.

అయినా పసుపు బండికి ఆయన మర్యాద తప్పనివ్వలేదు. డొక్కు కారు మనిషికి, ఇది నిజాముకి. ఉత్సవాలకూ ఊరేగింపులకూ మాత్రమే అది కదిలేది. 1947 దాకా అది తిరిగింది మొత్తం 356 మైళ్ళేనని చెబుతారు. అంటే 573 కిలోమీటర్లు. ముప్పై అయిదేళ్ళలో హైదరాబాద్ నుంచి తిరుపతి చేరేంత. తిరుగు ప్రయాణానికి లేదు. దీని అన్న వెండిబండిని చూడండి, 14 వేల మైళ్ళు ఊపిరి సలపకుండా పరిగెత్తాడు. తమ్ముడు ఏడాదికి పదహారు కిలోమీటర్లు. ఆ 356 మైళ్ళూ ఎలా తిరిగి ఉంటుందో ఊహించండి. ముందు గుర్రాలు, పక్కన నడిచే సిపాయీలు, రెండువైపులా సలాములు చేసే జనం. సిపాయి నడకకు మించి పోకూడదు, ఆగిపోకూడదు, చప్పుడు చెయ్యకూడదు. ఇక్కడే సిల్వర్ గోస్ట్ అసలు విద్య. 1911లో అదే మోడల్ బండి ఒకటి లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేరులోనే నడిచింది. ఎత్తులో గేరు దించక్కర్లేదు, నడక వేగంలోనూ ఇంజను దగ్గదు. కారణం, ఏడున్నర లీటర్ల దగ్గర దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే 7,428 సీసీల పెద్ద ఇంజను తాపీగా, నిమిషానికి పన్నెండు వందల చుట్ల దగ్గరే తన బలమంతా చూపేది. ఏనుగు అడుగది. గుర్రం దూకుడు కాదు.

ఆ ఏనుగును లేపడం మాత్రం మావటికే తెలుసు. మా పెదనాన్నకు నల్గొండలో అంబాసిడర్ ఉండేది. డిసెంబరు పొద్దుళ్ళలో సెల్ఫు పనిచేసేది కాదు. డ్రైవరు సీటు కింద నుంచి జెడ్ ఆకారంలో ఉన్న ఇనప హ్యాండిల్ తీసి, ముందు జాలీ కింద కన్నంలో దూర్చి, "పక్కకు జరగండి" అని అరిచి ఒక్క గుంజు గుంజేవాడు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు పోతుంది. ఓసారి ఆయన మణికట్టు వాచి నాలుగు రోజులు ఎడమ చేత్తో అన్నం తినడం నాకు గుర్తు. సిల్వర్ గోస్ట్ తతంగం ఇంకా పెద్దది. పెట్రోలు ట్యాంకు వెనకాల ఉంటుంది, ఇంజను ముందు. స్టార్టయితే ఇంజనే గాలి కొట్టి పెట్రోలు తెప్పించుకుంటుంది గానీ, ముందుగా డ్రైవరు చేతి పంపుతో కొట్టి ట్యాంకులో గాలి ఒత్తిడి ఎక్కించాలి. స్టీరింగు మధ్యలో చిన్న మీటలు. ఒకటి నిప్పురవ్వ ముందు పడాలా వెనక పడాలా అన్నది చెబుతుంది. ఇంకొకటి గాలిలో పెట్రోలు పాలెంతో చెబుతుంది. నిప్పురవ్వ మీట వెనక్కి జరపడం మరిచి హ్యాండిల్ తిప్పినవాడి మణికట్టు మా డ్రైవరు మణికట్టే. ఆ పైన బ్రేకులు వెనక చక్రాలకే. ఆ కాలపు దీపాలు వెలగాలంటే కార్బైడు మీద నీళ్ళ చుక్కలు పడాలి, తిరునాళ్ళలో మిఠాయి కొట్టు ముందు వచ్చేదే ఆ వాసన. ఇదంతా నేర్పడానికి కంపెనీ డ్రైవర్ల కోసం బడి నడిపింది. దొరకు బడి అక్కర్లేదు. ఎక్కి కూర్చుంటే చాలు.

ఇక కొత్త బండి. ఇక్కడిదాకా సాఫీగా వచ్చిన కథ ఇక గతుకుల్లో పడుతుంది.

కొత్త బండంటే ఏ కంపెనీది? నవ్వకండి, నిజంగానే చిక్కు ప్రశ్న. 1971లో ఒక విమాన ఇంజను ఖర్చు పెరిగిపోయి రోల్స్ రాయిస్ దివాలా తీసింది. బ్రిటిష్ సర్కారు చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళకు కార్ల విభాగాన్ని విడదీశారు. 1998లో దాన్ని అమ్మకానికి పెడితే ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి ఫ్యాక్టరీ కొనుక్కుంది. తీరా చూస్తే పేరు విమానాల కంపెనీ దగ్గరుంది. ఆ పేరును బీఎమ్‌డబ్ల్యూ 4 కోట్లకు పట్టేసింది. ఇల్లొకరికి, ఇంటిపేరొకరికి. 2003 నుంచి గుడ్‌వుడ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టి జర్మన్ యాజమాన్యంలో ఇంగ్లీషు కార్లు చేస్తున్నారు. 1906లో పుట్టిన పాత కొమ్మ విమానాల వైపు పోయింది. శంషాబాద్‌లో దిగే పెద్ద విమానాల్లో కొన్నిటి రెక్కల కింద ఆ రెండు ఆర్ అక్షరాలు కనిపిస్తాయి. మరి ఈ ఆదివారం 120 ఏళ్ళ కేకు ఎవరు కొయ్యాలి? మా మిత్రుడి డైరీలో దీనికి జవాబు లేదు.

పోనీ, ఆ పేరుతో వస్తున్న కారే చూద్దాం. 2017లో వచ్చిన ఎనిమిదో ఫాంటమ్. ఇంజను 6.75 లీటర్లు, అంటే తాతగారి ఇంజను కంటే చిన్నది! కానీ తాతగారి బలం యాభై గుర్రాలయితే దీని బలం 563 గుర్రాలు. 2018లో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర తొమ్మిదిన్నర కోట్ల దగ్గర మొదలైంది. ముందు అద్దం వెనక కెమెరాలు రోడ్డు మీద గుంతను ముందే చూసి చక్రాలకు చెబుతాయి. మన కార్పొరేషన్‌కు చెబితే ఇంకా బాగుండేది. చప్పుడు రాకుండా 130 కిలోల సరుకు నింపారు, అద్దాలు రెండు పొరలు, టైర్ల లోపల నురుగు. 2020లో వచ్చిన కొత్త గోస్ట్‌లో ఇది ముదిరింది. చప్పుడంతా పీకేశాక లోపల కూర్చున్నవాళ్ళకు ఆ నిశ్శబ్దమే తికమకగా అనిపించిందట. దాంతో ఇంజనీర్లు మళ్ళీ కూర్చుని సన్నటి గుసగుస లాంటి ఒక స్వరాన్ని లోపల మిగిల్చారు. దయ్యమని పేరుపెట్టి, చివరికి దయ్యం ఉందని తెలియడానికి చిన్న చప్పుడు చేయించారు.

తాత మాట ఇప్పుడు గుర్తు చేసుకోండి. పాత బండికి గుమ్మటం బయట. కొత్త బండికి ఆకాశం లోపల, టాపు అడుగున చిన్న చిన్న దీపాలు గుచ్చి చుక్కల పందిరి వేశారు, కూర్చున్నవాడు తల ఎత్తితేనే కనబడుతుంది. పాత రోజుల్లో రాజుకు ఛత్రం పట్టేవాడు ఉండేవాడు, అదే రాజలాంఛనం. కొత్త బండిలో గొడుగు తలుపు మందంలో దాక్కుని ఉంది. చక్రం తిరుగుతున్నా దాని మధ్యలోని ఆర్ అక్షరాలు తిరగవు, నిలువుగానే ఉంటాయి. ఈ ఒక్కటి మాత్రం బయటివాళ్ళ కోసం. 1911లో, అంటే మహబూబ్ పాషా పోయిన ఏడాదే, చార్లెస్ సైక్స్ అనే శిల్పి బానెట్ ముందుకు రెక్కల బొమ్మ చేశాడు. ఇప్పుడు బండి తాళం వేస్తే ఆ బొమ్మ కూడా బానెట్‌లోకి దిగిపోతుంది. ఉత్సవ విగ్రహం గర్భగుళ్ళోకి వెళ్ళి తలుపేసుకున్నట్టు. ఇక మన ఊళ్ళో ఇలాంటి బండి వెనక అద్దాలకు తెరలు. నాకు వాటి మీద కోపం లేదు. మేనాకు తెర ఉండదా?

ఇంకో మాట మధ్యలో చెప్పకపోతే పాఠకులు ఉత్తరాలు రాస్తారు. షోరూంలో అవమానించారని ఓ మహారాజు రోల్స్ రాయిస్ కార్లు కొని చీపుళ్ళు కట్టి చెత్త ఎత్తించాడన్న కథ. అల్వర్ రాజు అంటారు, పటియాలా అంటారు, భరత్‌పూర్ అంటారు, మనవాళ్ళు నిజాం అంటారు. రాజు పేరు మారుతుంది, చీపుళ్ళు మారవు. అన్ని ఊళ్ళలోనూ జరిగిన కథ ఏ ఊళ్ళోనూ జరగలేదని నా అనుమానం. తెల్లదొర మీద మనకున్న కసి అలా కారెక్కి ఊరేగిందంతే. వినడానికి మాత్రం నాకూ ఇష్టమే.

ఈమధ్య ఇంకా ముందుకు పోయారు. స్పెక్టర్ అని కరెంటు బండి. 2024 జనవరిలో ఇక్కడికొచ్చింది, ఏడున్నర కోట్లు. బ్యాటరీయే 700 కిలోలు. దాన్ని నేల కింద పరిచి, అదే రోడ్డు చప్పుడుకు అడ్డం అన్నారు. ఇందులో తమాషా ఏమిటంటే, చార్లెస్ రోల్స్ 1900లోనే, రాయిస్‌ను చూడడానికి నాలుగేళ్ళ ముందే, కరెంటు బండ్లకు చప్పుడుండదు, వాసనుండదు, ఛార్జింగు చేసుకునే చోట్లు ఏర్పడితే బాగా పనికొస్తాయని అన్నాడు. 126 ఏళ్ళు గడిచాయి. మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఛార్జింగు పాయింటు ఎవరి మీటరుకు కలపాలన్న దాని మీద అసోసియేషన్ మీటింగు మూడోసారి వాయిదా పడింది.

పసుపు బండికి ఆ తర్వాత ఏమైందని అడుగుతారు. 1948లో రాజ్యం పోయింది. 1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీఖాన్ పోయాడు. గద్దె మనవడు ముకర్రం జాకు వచ్చింది, గద్దె అనదగ్గది అప్పటికి ఏమీ లేకపోయినా. ఆయనకూ యంత్రాలంటే ప్రాణమే, కాకపోతే ఊరేగే యంత్రాలు కాదు. ఆస్ట్రేలియాలో గొర్రెల మేత భూములు కొనుక్కుని, గ్రీజు పూసుకుని, బుల్‌డోజర్లు స్వయంగా నడిపిన నవాబు. ఇక్కడ చౌమహల్లాలో గోడలకు రావిమొక్కలు మొలిచాయి. 2000 తర్వాత ముకర్రం జా మొదటి భార్య ఎస్రా బేగం పూనుకుని ప్యాలెస్‌ను బాగు చేయించి 2005లో జనానికి తెరిచారు. బండి కూడా మెరుపు తేలింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసి, మక్కా మసీదు ఆవరణలో తన పూర్వీకుల పక్కన మట్టిలో కలిశారు. చౌమహల్లాకూ మక్కా మసీదుకూ మధ్య దూరం నడిచినా పదిహేను నిమిషాలే.

బుధవారం సాయంత్రం, అనుకున్నట్టే, కొత్త బండి కనబడింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నా ఆటో పక్కనే ఆగింది. నా కారు మెకానిక్ దగ్గరుంది, అద్దం కోసమే. నల్లటి ఫాంటమ్. వెనక తెరలు దించి ఉన్నాయి. నంబరు ప్లేటు మీద నాలుగు తొమ్మిదులు. 563 గుర్రాలూ నూట ఎనభై సెకన్ల ఎర్రలైటు ముందు నిలబడ్డాయి. నా వైపు ఉన్న ఇద్దరు బైకు కుర్రాళ్ళు ఫోన్లు తీశారు, అద్దంలో వాళ్ళ మొహాలే పడ్డాయి. మూర మల్లెలు అమ్మే అమ్మ ఆ నల్ల అద్దం దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం నిలబడి, కొంగుతో చెమట తుడుచుకుని, బొట్టు సరిచేసుకుని, మా ఆటో వైపు వచ్చింది.

"లోపల ఎవరుంటారంటావ్?" అన్నాను ఆటో అతనితో.

అతను తల వంచి ఓసారి చూశాడు. లైటు పచ్చగా మారింది. పక్క బండి చప్పుడు లేకుండా జారిపోయింది.

"ఎవుడు లేడనుకుంట సార్. సార్‌ని దించి డ్రైవర్ ఒక్కడే ఇంటికి పోతున్నట్టుండు."